దీపావళికి కట్టె, ఉగాదికి తీగ: ఫ్లమెంకో గిటారును చేతితో చేయడం ఎలా

నేను చేసిన మొదటి గిటారు శ్రావణంలో పుట్టి, మరుసటి ఏడాది రోహిణి కార్తెలో పగిలింది. రోహిణి ఎండలకు రోళ్లే పగులుతాయంటారు కదా, రెండు మిల్లీమీటర్ల పలక ఏపాటిదని అప్పట్లో నన్ను నేను ఓదార్చుకున్నాను గాని, తప్పు ఎండది కాదు, వాన కురుస్తున్న రోజుల్లో జిగురు పూసిన నాది. కొయ్య తేమను పీల్చుకున్నప్పుడు అడ్డంగా ఉబ్బుతుంది, వదిలినప్పుడు అడ్డంగానే కుంచించుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు కదలదు. గిటారు పై పలక వెడల్పు సుమారు 36 సెంటీమీటర్లు. దాని లోపలి వైపు అడ్డంగా అతికించే బద్దలు తమ పొడవు దిశలో ఉంటాయి కాబట్టి అవి తగ్గవు, పలక మాత్రం వానాకాలం పోయి ఎండలు ముదిరేసరికి కొన్ని మిల్లీమీటర్లు తగ్గాలని చూస్తుంది. నల్లగొండలో ఆగస్టు గాలిలో తేమ ఎనభై శాతం దాటే రోజులుంటాయి, మే మధ్యాహ్నాల్లో అది ఇరవై దరిదాపులకు దిగుతుంది. తగ్గనివ్వని బద్దకూ తగ్గక తప్పని పలకకూ మధ్య పోరులో చీలేది పలకే.

అందువల్ల ఈ పనికి మీరు ముందుగా కొనవలసినది ఉలి కాదు, గాలిలో తేమను చూపే చిన్న మీటరు. అది కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. కట్టెను ఎండాకాలంలో కోయించి, వానాకాలమంతా ఇంట్లోనే ఆరనిచ్చి, దీపావళి దాటాక జిగురు పని మొదలుపెట్టి, శివరాత్రి నాటికి పాలిష్‌కు వచ్చి, ఉగాదికి తీగలు ఎక్కించేలా పనిని పంచుకుంటే, ఒక మూసిన గదిలో తేమను 45 నుంచి 50 శాతం మధ్య నిలపడం పెద్ద కష్టం కాదు. చలికాలపు ఉదయాల్లో మీటరు ఎక్కువ చూపితే, పలకలు ఉంచిన అలమరలో ఒక పాతకాలపు 60 వాట్ల బల్బు వెలిగించండి. మధ్యాహ్నం తక్కువ చూపితే తడి గోనెపట్టాను తాడుపై ఆరవేయండి. కట్టె సర్దుకుందో లేదో తెలుసుకోవడానికి దానిని గ్రాములు చూపే తక్కెడలో తూచి, బరువును పలక మూలన పెన్సిల్‌తో రాసి ఉంచండి. వరుసగా నాలుగైదు రోజులు బరువు మారకపోతే అది గదికి అలవాటు పడినట్టే.

మాటల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పన్నెండు మెట్ల కిన్నెర పుట్టిన పాలమూరు పక్కనే ఉండి ఫ్రెట్లను మరో పేరుతో పిలవడం నాకు ఇష్టం లేదు. వీణ, కిన్నెరలు చేసేవారి మాటలే ఇక్కడ వాడుతున్నాను: ఫ్రెట్లు మెట్లు, మెడ దండి, తీగలు బిగించేవి బిరడలు, తల దగ్గర తీగలు ఆనేది మేరువు, పలక మీద తీగలు కట్టేది గుర్రం.

కట్టె ఎంపిక

ఫ్లమెంకో స్పెయిన్ దక్షిణ ప్రాంతపు ఆటపాటల సంప్రదాయం, దానికి వాయించే గిటారు శాస్త్రీయ గిటారుకు తోబుట్టువు. రెండింటి నేటి రూపానికీ మూలం స్పెయిన్‌లోని అల్మెరియాకు చెందిన ఆంటోనియో దె తోరెస్ (1817–1892) స్థిరపరచిన పద్ధతే. తేడా కొలతల్లోనూ స్వభావంలోనూ ఉంది. ఫ్లమెంకో గిటారు తేలికగా, కాస్త పలుచటి పెట్టెతో, తీగలు పలకకు దగ్గరగా ఉండేలా చేయబడుతుంది. దాని నాదం చటుక్కున లేచి చటుక్కున ఆరిపోవాలి, ఎందుకంటే అది ఆటకూ పాటకూ తాళం వేయవలసిన వాద్యం. వెనుక పలకకూ పక్కలకూ సైప్రస్ కట్టె వాడితే దానిని బ్లాంకా అంటారు, రోజ్‌వుడ్ వాడితే నెగ్రా. స్పెయిన్‌లో సైప్రస్ దగ్గరగా, చవకగా దొరికేది, తేలిక కూడా. మనకు అది దూరదేశపు సరుకు. మన రోజ్‌వుడ్, అంటే జిట్రేగి, ప్రపంచమంతా గిటార్లకు కోరుకునే కట్టె. కాబట్టి మొదటి ప్రయత్నానికి నెగ్రా చేయమనే నా సలహా.

జిట్రేగిని కొత్తగా కొనేకంటే పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే సామానులో వెతకండి. పాత పట్టెమంచం పక్కపట్టెలు ఆరడుగుల పొడవుంటాయి, ఏళ్ల తరబడి ఆరి ఉంటాయి, గిటారు పక్కలకు కావలసిన 80 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు వాటిలో సులభంగా దొరుకుతుంది. కోతమిల్లులో ఐదు మిల్లీమీటర్ల మందంతో కోయమని అడగండి, అంతకన్నా పలుచగా అడిగితే రంపపు బ్లేడు వంకర తిరిగి ఒక వైపు మూడు, మరో వైపు ఆరు వస్తుంది. నేను మొదటిసారి వెళ్లి మూడు మిల్లీమీటర్లు అడిగినప్పుడు కోత కోసే అతను "ఏంది సారూ, కట్టె కావాల్నా, అప్పడాలు కావాల్నా?" అన్నాడు.

పై పలకకు మాత్రం మన కట్టెలు పనికిరావు. వడ్రంగి మీకు తప్పకుండా టేకు చూపిస్తాడు. వాసాలకూ తలుపులకూ అంతకన్నా మంచిది లేదు గాని, అది పై పలకలకు వాడే స్ప్రూస్ అనే చలిదేశపు తేలిక కట్టె కంటే ఒకటిన్నర రెట్లు బరువు, పైగా దానిలోని నూనె జిగురును సరిగా పట్టనివ్వదు. స్ప్రూస్ పలకల జతను వాద్యాల కట్టె అమ్మేవారి నుంచి తెప్పించుకోండి. నారపోగులు సన్నగా, తిన్నగా, అంచు నుంచి చూస్తే పలకకు నిలువుగా ఉండాలి. దండికి మహాగని చాలు. మెట్ల పలకకు నల్లచేవ కావాలి. అచ్చంపేట అడవుల్లోని తునికి చేవ నల్లకట్టెల జాతిదే, కాని అమ్రాబాద్ పులుల అభయారణ్యం నుంచి పుల్ల కూడా తేకూడదు. బిల్లుతో అమ్మే నల్లకట్టెను గాని, అదే పాత మంచపు జిట్రేగి ముక్కను గాని వాడండి.

అచ్చు పలక, పై పలక

స్పానిష్ పద్ధతిలో గిటారు బోర్లా పుడుతుంది. సొలేరా అనే అచ్చు పలక మీద పై పలకను ముఖం కిందికి పెట్టి, దాని మీదే దండిని, పక్కలను, చివరికి వెనుక పలకను కడతారు. ఒక అంగుళం మందమున్న మంచి ప్లైవుడ్ మీద గిటారు ఆకారాన్ని నడిగీతతో సహా గీయండి: పెట్టె పొడవు సుమారు 49 సెంటీమీటర్లు, పై భాగం వెడల్పు 28, నడుము 24, కింది భాగం 36 నుంచి 36.5. గుర్రం వచ్చే చోట కేంద్రంగా కింది భాగాన్ని రెండు మిల్లీమీటర్ల లోతుకు పళ్లెంలా తొలచండి. ఆ లోతే తరువాత పలకకు ఉబ్బునిస్తుంది.

ఇక్కడ తొందరపడకుండా కాగితం తీసుకుని ఒక లెక్క వేయాలి, ఎందుకంటే ఫ్లమెంకో గిటారు స్వభావమంతా దీనిలోనే ఉంది. తీగలు గుర్రం దగ్గర పలక నుంచి 7 నుంచి 8 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉండాలి. అంత దగ్గరగా ఉంటేనే వాయించేవారి వేలు తీగను మీటుతూనే పలకను కొట్టగలదు. మెట్ల పలక మందం 6, మెట్టు ఎత్తు 1, కలిపి 7. పన్నెండవ మెట్టు మీద తీగ సుమారు రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలంటే గుర్రం దగ్గరికి వచ్చేసరికి అది రెట్టింపై 5 అవుతుంది. మొత్తం 12. పలక ఉబ్బు 2 తీసివేస్తే 10. మనకు కావలసినది ఏడున్నర. మిగిలిన రెండున్నరను దండి వాలుతో రాబట్టాలి: తీగ పొడవుకు పన్నెండవ మెట్టు సరిగ్గా నడుమ కాబట్టి, మేరువు వైపు దండిని ఎంత పైకి లేపితే గుర్రం వైపు తీగ అంతే కిందికి దిగుతుంది. గిటారు బోర్లా ఉంది కనుక అచ్చు పలకను దండి కింద మేరువు వైపుకు రెండున్నర మిల్లీమీటర్లు దిగేలా చెక్కాలి. నా రెండవ గిటారులో నేను ఈ వాలును తలకిందులుగా ఇచ్చాను, బోర్లా ఉన్నదని మరిచి పైకి లేపాను. గుర్రం దగ్గర తీగలు 12 మిల్లీమీటర్లు దాటాయి. అది చెడ్డ గిటారు కాదు, కాని ఫ్లమెంకో గిటారు కాదు.

పై పలక రెండు సగాల అంచులను పొడవాటి రందాతో సమం చేసి, రెండింటినీ చేర్చి కిటికీకి ఎదురుగా పట్టి చూడండి. వెలుగు గీత ఎక్కడా కనబడకూడదు. కనబడితే జిగురు దానిని మూయదు, దాచుతుంది అంతే. అతికించి ఆరాక రంధ్రం చుట్టూ అలంకారపు వలయం పొదిగి, 8.5 సెంటీమీటర్ల వ్యాసంతో రంధ్రం కోసి, లోపలి వైపు నుంచి మందం తగ్గించండి. నడుమ 2.2, అంచుల్లో 2 మిల్లీమీటర్లు మంచి గమ్యం. అంకెను గుడ్డిగా నమ్మకండి: పలకను రెండు చేతుల్లో అడ్డంగా వంచి చూస్తే, పని మొదట్లో అట్టముక్కలా మొరాయించేది, ఒక దశలో చటుక్కున లొంగుతుంది. ఆ లొంగుబాటు తెలియగానే రందా కింద పెట్టండి.

లోపల రెండు అడ్డబద్దలు రంధ్రానికి పైనా కిందా, వాటి కింద విసనకర్రలా విచ్చుకునే ఐదు లేదా ఏడు సన్నబద్దలు అతికించాలి. సన్నబద్దలు 6 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల ఎత్తు, కొసల్లో దాదాపు సున్నాకు దిగాలి. వీటిని నొక్కి పట్టడానికి పెద్ద క్లాంపులు కొనవద్దు. పని బల్ల పైన రెండడుగుల ఎత్తులో ఒక గట్టి చెక్కను బిగించి, మేదరి వారి దగ్గర బుట్టల కోసం చీల్చి ఉంచిన వెదురు బద్దలను ఆ ఎత్తు కంటే రెండు సెంటీమీటర్లు పొడవుగా కోయించి తెచ్చుకోండి. బద్దను కాస్త వంచి పైచెక్కకూ అతికించే ముక్కకూ మధ్య నిలబెడితే, విల్లులా వంగి జిగురు ఆరేవరకూ అదే ఒత్తిడిని ఇస్తుంది. ఇరవై వెదురు బద్దలు ఒక్కసారి నిలబెట్టాక బల్ల చిన్న పందిరిలా ఉంటుంది, దానిని కదపకుండా ఇంట్లో పిల్లలను కాస్త దూరంగా ఉంచాలి.

జిగురు విషయంలో నాకు పట్టుదల ఉంది. పాత వడ్రంగులు వాడిన, సరేసు అనే తోలు జిగురునే వాడండి. పలుకులను రాత్రి చల్లటి నీటిలో నానబెట్టి, ఉదయం గిన్నెలో గిన్నె పెట్టి అరవై డిగ్రీల వేడిలో కరిగించాలి. మరిగితే బలం పోతుంది. తెల్లజిగురు సులువే గాని వేడికి మెత్తబడుతుంది, తీగల లాగుకు మెల్లగా జారుతుంది. మన మే నెలలో మూసిన కారులో ఒక గంట ఉంటే అతుకుల సంగతి తెలిసిపోతుంది. సరేసుకు మరో మేలు ఉంది: రేపు పలకను విప్పి బాగుచేయవలసి వస్తే తడీ వేడీ కలిపి తగిలిస్తే వదులుతుంది.

పక్కలు, దండి, వెనుక పలక

పక్కలను 1.8 మిల్లీమీటర్లకు పలుచన చేసి, తడిపి, లోపలి నుంచి వేడి చేసిన ఇనుప గొట్టం మీద వంచాలి. గొట్టం మీద నీటి చుక్క వేస్తే అది ఆవిరై పోకుండా చిందులేస్తూ జారిపోవాలి, అంత వేడి. బలంతో వంచకండి. కట్టెను గొట్టానికి ఆనించి నిలబడితే, కాసేపటికి అది చేతిలో మైనంలా సడలుతుంది, అప్పుడే వంచాలి. నడుము దగ్గర వంపు అన్నిటికన్నా కష్టం, ముందు దానితోనే మొదలుపెడితే పలక విరిగినా నష్టం తక్కువ.

దండి పెట్టెను కలిసే చోట ఉండే మడమలో రెండు వైపులా రెండు మిల్లీమీటర్ల గాడి కోసి పక్కల కొసలను అందులో దిగేయడం స్పానిష్ పద్ధతి. దండిని పై పలకకు అతికించి, పక్కలను గాడిలో దింపి, అంచు వెంట చిన్న త్రికోణపు కొయ్యముక్కలను ఒక్కొక్కటిగా సరేసుతో వేలితో నొక్కి పెట్టండి. ఒక్కో ముక్కను ఇరవై సెకన్లు పట్టుకుంటే జిగురు చల్లారి దానంతట అదే పట్టుకుంటుంది. వందకు పైగా ముక్కలు ఉంటాయి. ఒక సాయంత్రం పడుతుంది. పెట్టె లోతు మడమ దగ్గర 9 సెంటీమీటర్లు, అడుగున 9.5 ఉంచి, మూడు అడ్డబద్దలు అతికించిన వెనుక పలకతో మూసేయండి. మూసే రోజు మీటరు 45 చూపకపోతే మరుసటి రోజుకు వాయిదా వేయండి. ఆ తరువాత అంచు పట్టీల పని.

మెట్లు

తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. మొదటి మెట్టు దూరం తెలియాలంటే దీనిని 17.817తో భాగించాలి: 36.48 వస్తుంది. మిగిలిన 613.52ను మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండవ మెట్టు 34.43 దూరంలో వస్తుంది, ఇలా పందొమ్మిది మెట్లకూ. గుర్తులు పెట్టేటప్పుడు ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు కొలవకండి, చిన్న తప్పులు కూడుకుంటూ పోతాయి. దూరాలన్నీ కూడి ప్రతి మెట్టునూ మేరువు నుంచే కొలవండి. పన్నెండవ మెట్టు సరిగ్గా 325 దగ్గర పడితే లెక్క సరైనట్టు. కిన్నెర చేసేవారు చెవితో విని మెట్టు నిలిపే చోట మనం గణితంతో నిలుపుతున్నాం, కాని వేలు నొక్కినప్పుడు తీగ కాస్త సాగి స్వరం పెరుగుతుంది కాబట్టి గుర్రం మీది ఎముక కమ్మిని 650 దగ్గర కాక ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్లు వెనక్కి జరపాలి.

లక్క పాలిష్

స్పెయిన్ పనివారు చేతితో చేసే ఫ్రెంచ్ పాలిష్‌కు ముడిసరుకు మన దేశపు లక్కపురుగు ఇచ్చేదే. మైనం తీసిన లక్క రేకులను వంద మిల్లీలీటర్ల స్పిరిట్‌కు ఇరవై గ్రాముల చొప్పున వేసి, ఒక రోజు ఉంచి, గుడ్డతో వడకట్టండి. కిటికీలు తెరిచి, చేతి తొడుగులు వేసుకుని, పొయ్యికి దూరంగా పని చేయండి. దీనికి ఫిబ్రవరి తగిన నెల: వానాకాలంలో లక్క తెల్లగా మసకబారుతుంది, ఏప్రిల్ దాటితే స్పిరిట్ గుడ్డలోనే ఎగిరిపోయి గుడ్డ పలకకు అంటుకుంటుంది. గుర్రం కూర్చునే చోట ముందే టేపు అంటించండి, లక్క మీద జిగురు నిలవదు.

ఉతికి ఉతికి మెత్తబడిన చేనేత పంచె ముక్కలో దూదిని ముడి కట్టి, నిమ్మకాయంత బంతి చేయండి. జిట్రేగి రంధ్రాలను ప్యూమిస్ అనే నురగరాయి మెత్తటి పొడితో నింపాలి, బంతిపై చిటికెడు చల్లి లక్కతో రుద్దితే కట్టె పొడి, లక్క కలిసి రంధ్రాలు పూడతాయి. స్ప్రూస్‌కు ఆ పొడి తగలనివ్వకండి, బూడిదరంగు పట్టి మళ్లీ వదలదు. తరువాత బంతిలో లక్క, అడుగున ఒక్క చుక్క ఆలివ్ నూనె వేసి, చిన్న వలయాలుగా, ఎనిమిది అంకెలుగా, ఆఖరున నార వెంట తిన్నగా రాయండి. బంతి పలకను తాకుతున్నంతసేపూ కదులుతూనే ఉండాలి. ఒక క్షణం ఆగితే కింది పొర కరిగి గుడ్డ గుర్తు పడుతుంది. పాళ్లు సరిగా ఉంటే బంతి వెనుక అద్దం మీద ఊదిన ఊపిరిలా ఒక మసక తోక కనబడి, రెండు క్షణాల్లో మాయమవుతుంది. మసక నిలిచిపోతే తడి ఎక్కువ, అసలు కనబడకపోతే బంతి ఎండింది. రోజుకు ఒక విడత, ఎనిమిది పది విడతలు, మధ్యలో ఒక వారం విశ్రాంతి, ఆఖరున నూనెను లాగేయడానికి దాదాపు స్పిరిట్ మాత్రమే ఉన్న బంతితో తేలికగా ఒక చుట్టు. పై పలకకు పొర ఎంత పలుచగా ఉంటే నాదం అంత విడిగా ఉంటుంది, అద్దంలా మెరిపించాలన్న ఆశను వెనుక పలక మీద తీర్చుకోండి.

బిరడలు, గుర్రం, తీగలు

పాత ఫ్లమెంకో గిటార్లకు వీణకున్నట్టే కొయ్య బిరడలుంటాయి. అవి తేలిక, తల బరువు తగ్గుతుంది. కాని మన తేమ మార్పులకు వానల్లో బిగుసుకుని ఎండల్లో జారుతాయి. వీణ వాయించే వారికి అది కొత్త కాదు. ఓపిక లేకపోతే గేర్లున్న మరలు బిగించండి, ఎవరూ తప్పుపట్టరు. టేపు తీసి గుర్రాన్ని సరేసుతో అతికించి ఒక రోజు వదిలాక, రంధ్రానికి పక్కన, తీగలకు ఇరువైపులా, వేలి దెబ్బలు తగిలే చోట గోల్పెదోర్ అనే పలుచటి ప్లాస్టిక్ రేకును అంటించండి. అది లేకుంటే గోళ్లు నెల రోజుల్లో స్ప్రూస్‌ను గీకేస్తాయి. పాలిష్ పూర్తయి మూడు నాలుగు వారాలు ఆరాకే అంటించాలి.

నైలాన్ తీగలు ఆరూ కలిపి దాదాపు నలభై కిలోల బరువుతో లాగుతాయి కాబట్టి మొదటి రోజు పూర్తి శ్రుతికి తేకుండా రెండు మెట్లు దింపి ఉంచి, మూడు నాలుగు రోజుల్లో మెల్లగా పెంచండి. తరువాత పన్నెండవ మెట్టు మీద ఆరవ తీగ ఎత్తు 3 మిల్లీమీటర్లకు లోపల, మొదటి తీగది రెండున్నరకు లోపల వచ్చేలా ఎముక కమ్మిని అడుగు నుంచి అరగదీయండి. గట్టిగా మీటినప్పుడు కాస్త గరగర వినబడితే దానిని పోగొట్టాలని చూడకండి, ఈ వాద్యంలో అది ఉండవలసినదే.

మార్చి ఆఖరుకు గది మీటరు నలభైకి దిగగానే గిటారును దాచే మూత ఉన్న కేసులోనే దానిని ఉంచడం మొదలుపెట్టండి. మూతకు చిల్లులు పెట్టిన సబ్బుపెట్టెలో తడిపి పిండిన స్పాంజి ముక్క పెట్టి, తల వైపు ఖాళీలో అమర్చి, మే నెలంతా రెండు రోజులకోసారి తడుపుతూ ఉంటే చాలు. మృగశిర వానలు పడ్డాక ఆ సబ్బుపెట్టెను తీసేయడం మరవకండి.